చార్లెస్ ఐవ్స్: బీమా లెక్కలు, రేపటి ఏర్పాట్లు, ఆ తర్వాత పాటలు

1922లో అమెరికాలో చాలామంది సంగీతకారులకు, పత్రికల్లో రాసే విమర్శకులకు, లైబ్రరీలకు ఒక లావుపాటి పాటల పుస్తకం పోస్టులో వచ్చింది. లోపల 114 పాటలు. ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బు కట్టాల్సిన పనీ లేదు. అచ్చు ఖర్చంతా రాసినాయనే పెట్టుకున్నారు. ఆయన పేరు చార్లెస్ ఐవ్స్. సంగీత లోకంలో అప్పటికి ఆ పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ. న్యూయార్క్ బీమా వ్యాపారంలో మాత్రం తెలియనివాళ్లు తక్కువ. మ్యూచువల్ లైఫ్ కంపెనీ తరఫున పాలసీలు అమ్మే ఐవ్స్ అండ్ మైరిక్ ఏజెన్సీలో ఆయన భాగస్వామి. దేశంలోని అతిపెద్ద ఏజెన్సీల్లో అదొకటి.

ఐవ్స్ గురించి ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. పగలు బీమా, రాత్రి సంగీతం, ఒకటి కడుపు కోసం, ఇంకొకటి మనసు కోసం అని. ఆ మాటలో నిజముంది గానీ సగమే. ఆయన బీమాలో చేసిన పనీ, పాటల్లో చేసిన పనీ ఒకే ఆలోచనలోంచి పుట్టాయి. మనిషి పోయాక అతని వెనక ఉన్నవాళ్లకు ఏం మిగలాలి, అది వాళ్లకు పనికొచ్చే రూపంలో ఎలా అందాలి అన్నదే ఆ ఆలోచన. 1918లో గుండెపోటు వచ్చాక తన సంగీతం విషయంలో ఐవ్స్ తీసుకున్న నిర్ణయాలు చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఖాతాదారులకు ఏళ్ల తరబడి చెప్పిన సలహానే ఆయన తన విషయంలో అమలుచేసుకున్నారు.

ఐవ్స్ 1874 అక్టోబర్ 20న కనెక్టికట్ రాష్ట్రంలోని డాన్‌బరీలో పుట్టారు. టోపీల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ ఊరది. తండ్రి జార్జ్ అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యానికి బ్యాండ్ మాస్టర్. యుద్ధం అయ్యాక ఊళ్లో బ్యాండు నడిపేవారు, పిల్లలకు సంగీతం నేర్పేవారు. కొడుకుని ఒక శ్రుతిలో పాడమని, తాను వేరే శ్రుతిలో వాయించేవారు. చెవికి బలం రావాలంటే ఇలాంటి సాధన కావాలని ఆయన నమ్మకం. కానీ ఐవ్స్ వంశం వ్యాపారుల వంశం. డాన్‌బరీ సేవింగ్స్ బ్యాంకు పెట్టినవాళ్లలో జార్జ్ తండ్రి ముఖ్యుడు. అలాంటి ఇంట్లో బ్యాండు వాయించే కొడుకంటే ఎవరికీ పెద్ద లెక్క లేదు. చివరి ఏళ్లలో ఇల్లు గడవడానికి జార్జ్ ఆ బ్యాంకులోనే గుమాస్తాగా చేరాల్సి వచ్చింది. 1894లో చార్లెస్ యేల్ యూనివర్సిటీలో చేరిన కొన్ని వారాలకే ఆయన చనిపోయారు.

సంగీతంతో బతకాలని చూడకపోతేనే సంగీతం శుభ్రంగా, స్వేచ్ఛగా ఉంటుందని తండ్రి అనేవారని ఐవ్స్ తర్వాత రాసుకున్నారు. ఇంట్లో భార్యాబిడ్డలున్న మనిషి తన అపస్వరాల కోసం పిల్లల్ని పస్తులుంచగలడా అని కూడా అడిగారు. రాజుకు అంకితమివ్వకుండా నాగలి పట్టి బతికాడని పోతన గురించి మనం చెప్పుకునే కథ దీనికి దగ్గరగానే ఉంటుంది. రచనను అమ్ముకోకూడదంటే తిండికి వేరే దారి చూసుకోవాలి. ఐవ్స్ ఎంచుకున్న దారి మాన్‌హటన్‌లో, వాల్ స్ట్రీట్‌కు దగ్గర్లో ఉంది.

యేల్‌లో స్వరకర్త హొరేషియో పార్కర్ దగ్గర పద్ధతిగా సంగీతం చదువుకుని 1898లో డిగ్రీ పుచ్చుకుని, ఐవ్స్ నేరుగా మ్యూచువల్ లైఫ్ కంపెనీ యాక్చురియల్ విభాగంలో, అంటే మరణాల అంచనాతో ప్రీమియం లెక్కగట్టే చోట, గుమాస్తాగా చేరారు. బీమా కంపెనీకి గుండెకాయ లాంటి విభాగమది. ఒక మనిషి ఎప్పుడు పోతాడో ఎవరూ చెప్పలేరు. అదే వయసున్న లక్షమందిని తీసుకుంటే ఆ ఏడాదిలో ఎంతమంది పోతారో చాలావరకు సరిగ్గా చెప్పొచ్చు. ఆ పట్టికల మీదే ప్రీమియం లెక్క నిలబడుతుంది. ఐవ్స్ ఆ కుర్చీలో ఎక్కువ కాలం కూర్చోలేదు. ఆ లెక్కలు చేసే చేతికంటే, వాటిని జనానికి అర్థమయ్యేలా చెప్పే నేర్పు ఆయనలో ఎక్కువ. అందుకే కొద్ది కాలానికే అదే కంపెనీకి పాలసీలు తెచ్చిపెట్టే రేమండ్ ఏజెన్సీకి మారారు. జూలియన్ మైరిక్ పరిచయమైంది అక్కడే.

మొదట్లో ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించే ఉద్యోగం కూడా ఉండేది. 1902లో దాన్ని వదిలేశారు. ఆ తర్వాత సంగీతం ద్వారా జీతం అన్నదే ఆయనకు లేదు.

1905లో బీమా వ్యాపారం మొత్తం బోనెక్కింది. న్యూయార్క్ శాసనసభ ఆర్మ్‌స్ట్రాంగ్ కమిటీని వేసింది. ప్రశ్నలు అడిగే బాధ్యత చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ అనే లాయరుకు అప్పగించింది. ఆయన తర్వాత ఆ రాష్ట్ర గవర్నరయ్యారు, అటుపైన దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. సెప్టెంబర్‌లో మొదలైన విచారణలో రోజుకో సంగతి బయటపడింది. పాలసీదారుల డబ్బు రాజకీయ పార్టీలకు చందాలుగా వెళ్లింది. మ్యూచువల్ లైఫ్ అధ్యక్షుడు మెక్‌కర్డీ ఏడాదికి లక్షా 50 వేల డాలర్ల జీతం తీసుకుంటున్నారు. ఆయన అల్లుడికి ఐవ్స్ పనిచేస్తున్న రేమండ్ ఏజెన్సీలోనే వాటా ఉంది. అంటే ఐవ్స్ ఆ వ్యవహారానికి దూరంగా ఎక్కడో లేరు, అది జరుగుతున్న ఆఫీసులోనే కూర్చున్నారు.

అప్పట్లో బాగా అమ్ముడైన ఒక రకం పాలసీ తీరు చూస్తే ఆ వ్యాపారం ఎంత దారి తప్పిందో తెలుస్తుంది. లాభంలో పాలసీదారుకు రావాల్సిన వాటాను ఏటా ఇవ్వకుండా, 20 ఏళ్లు కంపెనీ దగ్గరే ఉంచేవారు. మధ్యలో చనిపోయినవాళ్లూ, ప్రీమియం కట్టలేక ఆగిపోయినవాళ్లూ ఆ వాటా పోగొట్టుకునేవారు. చివరిదాకా నిలిచినవాళ్లకు అదంతా కలిపి పంచుతామని చెప్పేవారు. పక్కవాడు కట్టలేకపోతే నాకు లాభం అన్న ఆశ మీద నడిచే పాలసీ అది. పైగా ఆ 20 ఏళ్లూ కంపెనీ పెద్దల చేతిలో లెక్క చెప్పక్కర్లేని డబ్బు కుప్పలుగా ఉండిపోయేది. 1906లో వచ్చిన చట్టాలు దీన్ని ఆపేశాయి. వాటాను ఏటా లెక్కగట్టి పంచాలన్నాయి, పార్టీలకు చందాలు వద్దన్నాయి, ఖర్చులకు హద్దు పెట్టాయి.

మన దేశంలో ఈ కథ ఇంకోలా నడిచింది. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య చొరవతో 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ మొదలయ్యేనాటికి దేశంలో మంచి కంపెనీలూ ఉన్నాయి, జనం సొమ్ముతో ఆడుకునేవీ ఉన్నాయి. చివరికి 1956లో 245 సంస్థల్ని కలిపేసి ప్రభుత్వం ఎల్‌ఐసీని ఏర్పాటు చేసింది. అమెరికా బీమాను ప్రైవేటు చేతుల్లోనే ఉంచి గట్టి నిబంధనలు పెట్టింది. ఐవ్స్ తరం ఏజెంట్ల ముందున్న పని ఆ నిబంధనల మధ్య పోయిన నమ్మకాన్ని తిరిగి సంపాదించడం.

1906 చివర్లో ఐవ్స్ ఆరోగ్యం దెబ్బతింది. వర్జీనియా సముద్రతీరంలో విశ్రాంతి తీసుకుంటూ మైరిక్‌తో కలిసి సొంత ఏజెన్సీ ఆలోచన చేశారు. 1907 జనవరిలో అది వాషింగ్టన్ లైఫ్ అనే కంపెనీ తరఫున మొదలైంది. ఆ కంపెనీ చేతులు మారడంతో, 1909లో మ్యూచువల్ లైఫ్ తరఫున ఐవ్స్ అండ్ మైరిక్‌గా నిలదొక్కుకుంది. పని పంచుకోవడంలో ఇద్దరికీ పేచీ లేదు. మైరిక్ నలుగురిలో కలిసే మనిషి, తర్వాత అమెరికా టెన్నిస్ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఐవ్స్ వెనక గదిలో కూర్చుని ఏజెంట్లకు పాఠాలు రాసేవారు. ఏజెంట్లకు తరగతులు పెట్టి శిక్షణ ఇవ్వడం ఆ రోజుల్లో కొత్త.

ఆ పాఠాల్లో ప్రసిద్ధమైంది, మనిషికి ఎంత బీమా కావాలి అన్న ప్రశ్న మీద రాసిన చిన్న పుస్తకం. అంతకుముందు ఏజెంటు పద్ధతి మనకు తెలిసిందే. చుట్టరికమో స్నేహమో అడ్డుపెట్టుకుని, కాస్త భయపెట్టి, కాస్త బతిమాలి, అవతలివాడు ఎంతకు ఒప్పుకుంటే అంతకు సంతకం పెట్టించుకోవడం. ఐవ్స్ దీన్ని తలకిందులు చేశారు. ఏజెంటు ముందు అడగాల్సింది ఆ ఇంటి లెక్క. ఇంటి పెద్ద లేకపోతే ఆ కుటుంబానికి ఏడాదికి కనీసం ఎంత కావాలి? వేరే ఆదాయం ఏమైనా ఉందా? పిల్లలు వాళ్ల కాళ్ల మీద నిలబడటానికి ఇంకా ఎన్నేళ్లు?

ఒక ఊహా లెక్క వేసి చూద్దాం. ఇంటికి ఏడాదికి 2,000 డాలర్లు కావాలి, అద్దెల మీద 500 వస్తుంది, చిన్న పిల్ల చదువు ముగియడానికి 15 ఏళ్లు పడుతుంది. తగ్గేది ఏటా 1,500. పదిహేనేళ్లకు 22,500 అని గుణించేస్తే తప్పు, ఎందుకంటే పాలసీ డబ్బు చేతికొచ్చాక దానికీ వడ్డీ వస్తుంది. ఏటా 4 శాతం వడ్డీ అనుకుంటే సుమారు 16,700 డాలర్లతో ఆ 15 ఏళ్లూ గడుస్తాయి. అదీ ఆ ఇంటికి కావాల్సిన పాలసీ మొత్తం. అంతకంటే తక్కువైతే పిల్లలకు అన్యాయం, మరీ ఎక్కువైతే ఏజెంటు కమీషన్ కోసం అమ్మినట్టు. ఐవ్స్ ఇలాంటి లెక్కను ఒక సూత్రంగా మార్చి, దాన్ని ఇంటి యజమానికి తేలిక మాటల్లో ఎలా వివరించాలో కూడా రాసిపెట్టారు. ఆ చిన్న పుస్తకం ఎన్నోసార్లు మళ్లీ అచ్చయింది, ఆయన తర్వాత కూడా ఏజెంట్ల చేతుల్లో తిరిగింది. ఇవాళ టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు వెబ్‌సైట్ అడిగే ప్రశ్నలు చూడండి, జీతం, ఖర్చులు, పిల్లల వయసు. వాటి వరస దాదాపు ఇదే.

తర్వాతి అడుగు వారసత్వ పన్ను వైపు. 1916లో అమెరికా కేంద్ర ప్రభుత్వం చనిపోయినవారి ఆస్తి మీద పన్ను వేసింది. ఇక్కడ చిక్కు పన్ను ఎంతన్నది ఒక్కటే కాదు, దాన్ని ఎలా కట్టాలన్నది. ఒక వ్యాపారి ఆస్తంతా ఫ్యాక్టరీలో, గోడౌన్లలో, భూమిలో ఉంటుంది. కాగితం మీద లక్షలు, చేతిలో నగదు లేదు. పన్నుకు గడువుంటుంది. వారసులు అయినకాడికి అమ్ముకోవాలి, అప్పుడు కొనేవాడికి వాళ్ల అవసరం తెలుసు కాబట్టి సగం ధర కూడా పలకదు. బీమా పాలసీ అయితే, ఏ రోజు నగదు అవసరమో సరిగ్గా ఆ రోజే నగదు తెస్తుంది. పైగా 1918 చట్టం ప్రకారం పేరు రాసిన వారసులకు వెళ్లే పాలసీ సొమ్ములో 40,000 డాలర్ల దాకా ఆ పన్ను లేదు. ఐవ్స్ ఈ విషయం మీద ప్రత్యేకంగా ఒక కరపత్రం రాశారు. ఎస్టేట్ ప్లానింగ్ అని ఇప్పుడు పిలిచే పనికి బీమా వైపు నుంచి దారి వేసిన తొలివాళ్లలో ఆయన్ని లెక్కిస్తారు.

ఎంత విలువైన ఆస్తి అయినా, అవసరమైన రోజున వాడుకునే రూపంలో లేకపోతే వారసులకు దక్కదు. ఇది గుర్తుపెట్టుకుంటే ఆయన పాటల దగ్గరికి దారి తేలికవుతుంది.

ఈ పదిహేను ఇరవై ఏళ్లలోనే ఐవ్స్ తన పెద్ద సంగీత రచనలన్నీ చేశారు. సింఫనీలనే పెద్ద ఆర్కెస్ట్రా రచనలు, చర్చి పాటలూ ఊరి బ్యాండ్లూ ఒకదాని మీద ఒకటి పడి వినిపించే ఆర్కెస్ట్రా ముక్కలు, సొనాటాలనే పెద్ద పియానో రచనలు. రాత్రిళ్లు, వారాంతాల్లో, కనెక్టికట్‌లోని వెస్ట్ రెడింగ్‌లో కట్టుకున్న ఇంటికి రైల్లో వెళ్లొస్తూ ఈ పని సాగింది. ఉత్తరం చెప్పి రాయిస్తూ మధ్యలో ఆగిపోయి, ఏదో రాగం తట్టి దాని వెంట పడిపోయేవారని ఆఫీసులో పనిచేసినవాళ్లు తర్వాత గుర్తుచేసుకున్నారు. కానీ ఆ రచనలు కచేరీల్లో దాదాపుగా వినిపించలేదు. అడపాదడపా ఒకరిద్దరు వాయిద్యకారుల్ని ఇంటికి పిలిచి చూపిస్తే, ఇది వాయించలేమని వాళ్లు చిరాకుపడి వెళ్లిపోయేవారు. కాగితాలు కొట్టంలో, బీరువాల్లో పేరుకుపోయాయి. ఫ్యాక్టరీ ఉంది, నగదు లేదు. బీమా ఆఫీసులో ఆయన రోజూ చూసే పరిస్థితే ఇంట్లో తన సంగీతానికి పట్టింది.

1918 అక్టోబర్ 1న ఆయనకు తీవ్రమైన గుండెపోటు వచ్చింది. వయసు 44 నిండలేదు. ఆ రోజుల్లో యుద్ధ బాండ్ల అమ్మకం కోసం విపరీతంగా తిరుగుతున్నారు. సామాన్యుడు కొనగలిగేలా 50 డాలర్ల చిన్న బాండ్లు కూడా ఉండాలని ఆయన పట్టుదల. పెద్ద బాండ్లయితే డబ్బున్నవాళ్లే కొంటారు, యుద్ధం భారం అందరిదైనప్పుడు వాటా కూడా అందరిదీ కావాలన్నది ఆయన వాదన. అమెరికన్ తత్వవేత్త ఎమర్సన్ రచనల మీద పెరిగిన మనిషి, జనం మొత్తంగా ఆలోచిస్తే దారి తప్పరని నిజంగా నమ్మారు. 1920లో ప్రజలే నేరుగా జాతీయ విధానాల మీద ఓటేసేలా రాజ్యాంగ సవరణ కావాలని కరపత్రం రాసి పత్రికలకూ నాయకులకూ పంపారు. మాజీ అధ్యక్షుడు టాఫ్ట్ ఒప్పుకోనని జవాబిచ్చారు. ఆచరణలో ఆ ప్రతిపాదన నిలబడేది కాదు, నిజమే. కానీ దాని వెనకున్న నమ్మకం బీమాలోంచే వచ్చింది. ఒక్కడి బతుకు గాల్లో దీపం, లక్షమంది కలిస్తే గట్టి నేల. యాక్చువరీ పట్టిక చెప్పేది ఇదే, ఐవ్స్ రాజకీయం చెప్పేదీ ఇదే.

గుండెపోటు తర్వాత ఏడాది పాటు ఆఫీసుకు దూరంగా ఉండాల్సి వచ్చింది. ఎక్కువ కాలం బతకనేమో అన్న భయం పట్టుకుంది. అప్పుడు ఆయన చేసినవి మూడు. ఎమర్సన్ లాంటి కాంకర్డ్ ఊరి రచయితల మీద రాసిన పెద్ద పియానో సొనాటాను శుభ్రంగా రాసి సొంత ఖర్చుతో అచ్చువేశారు. దాని వెనకున్న ఆలోచనల్ని ఒక వ్యాస సంపుటిగా తెచ్చారు. ఇక మూడోది పాటల పుస్తకం. 1919 నుంచి 1921 దాకా పాటల మీద కూర్చున్నారు. కొన్ని కొత్తగా రాశారు. చాలా పాటల్ని మాత్రం అంతకుముందు రాసి మూలపడేసిన ఆర్కెస్ట్రా, వాయిద్య రచనల్లోంచి తీశారు.

పాత రచనల్ని పాటలుగా మార్చిన ఆ పని దగ్గరే ఆయనలోని బీమా మనిషి కనిపిస్తాడు. ఆర్కెస్ట్రా రచన వినిపించాలంటే పదులమంది వాయిద్యకారులు కావాలి, వాళ్లను నడిపించే కండక్టర్ కావాలి, హాలు కావాలి, రిహార్సళ్లకు డబ్బు కావాలి. పాటకు ఒక గొంతు, ఒక పియానో చాలు. ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని పాడుకోవచ్చు. ఎవరూ కదిలించలేని ఆస్తిని చేతికందే రూపంలోకి మార్చడం, ఖాతాదారులకు చెప్పిందే. ఐవ్స్ ఈ పోలిక ఎక్కడా రాయలేదు. ఆయన చేతలే ఆ మాట చెబుతున్నాయి.

ఒక పాటను దగ్గరగా చూద్దాం. 1908 జూన్‌లో ఐవ్స్, హార్మనీ ట్విచెల్ పెళ్లయింది. ఆ నెలలోనే ఇద్దరూ ఒక ఆదివారం పొద్దున స్టాక్‌బ్రిడ్జ్ దగ్గర హౌసాటోనిక్ నది ఒడ్డున నడుస్తున్నారు. నీటి మీద మంచు ఇంకా విడలేదు. అవతలి ఒడ్డు చర్చిలోంచి పాట లీలగా వినిపిస్తోంది. ఆ అనుభవంలోంచి మొదట ఒక ఆర్కెస్ట్రా రచన పుట్టింది. 1921లో దాన్నే గొంతుకూ పియానోకూ మార్చారు. మాటలు రాబర్ట్ అండర్‌వుడ్ జాన్సన్ కవితలోవి. గొంతు చర్చి పాటలా నిదానంగా, తిన్నగా సాగుతుంది. పియానో దానితో కలవదు. వేరే శ్రుతుల్లో, వేరే నడకలో, మెత్తగా గజిబిజిగా కదులుతూ ఉంటుంది. మొదటిసారి విన్నవారికి వాయించేవాళ్లు తప్పు వాయిస్తున్నారేమో అనిపిస్తుంది. కాస్త ఓపిక పడితే ఆ గజిబిజి నీరూ మంచూ అని తెలుస్తుంది, వాటి గుండా పాట చెవికి చేరుతోందనీ తెలుస్తుంది. చిన్నప్పుడు తండ్రి వేరే శ్రుతిలో వాయిస్తుంటే పాడిన సాధన ఇక్కడ అక్కరకొచ్చింది.

పుస్తకం అమరికలోనూ ఒక ఉద్దేశం కనిపిస్తుంది. కొత్త పాటలు ముందు, పాతవి వెనక. మొట్టమొదటి పాట జనసమూహం గురించి. అందులో పియానో మీద పక్కపక్క మెట్లన్నీ గుత్తులుగా ఒకేసారి మోగాలి, ఒక్కో స్వరం విడిగా వినపడదు. చిట్టచివరి పాట, ఇంట్లో పెంచుకున్న జంతువు చనిపోతే దాన్ని పాతిపెట్టేటప్పటి కోసం పన్నెండు పదమూడేళ్ల వయసులో రాసింది. మధ్యలో అన్ని రకాలూ ఉన్నాయి. జర్మన్ పద్ధతి ప్రేమపాటలు, కౌబాయ్ పాట, ఎన్నికల్లో ఓడిన బాధ, యుద్ధానికి వెళ్లే కుర్రాడు. తన ఆఫీసుకు దగ్గర్లోని ఆన్ స్ట్రీట్ అనే ఇరుకు వీధి మీద ఒక పాట ఉంది, పేపర్లో పడ్డ చిన్న కవితకు కట్టింది, నిమిషంలో అయిపోతుంది. ఇంకో పాటలో ఒక పిల్లవాడికి బళ్లో గొప్పవాడి గురించి రాయమంటారు. వాడు ఆలోచించి ఆలోచించి తన నాన్న గురించి చెప్పడం మొదలుపెడతాడు. పిల్లాడి మాట తడబడ్డట్టే రాగం తడబడుతుంది. ఐవ్స్ దంపతులకు పిల్లలు కలగలేదు, ఈడిత్‌ను దత్తత తీసుకున్నారు. ఆ పాప తన నేస్తంతో పెరట్లో ఆడుకుంటుంటే చూసి భార్యాభర్తలిద్దరూ కలిసి రాసిన పాట మొత్తం పుస్తకంలోకెల్లా మెత్తనిది. ఐవ్స్ అంటే అపస్వరాలే అనుకునేవాళ్లు ముందు వినాల్సింది దాన్నే.

ఇక పంపకం. వందల ప్రతుల్ని తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ పంపడంలో ఏజెంటు అనుభవం పనిచేసింది. ఏ తలుపు తెరుచుకుంటుందో ముందే చెప్పలేం, తగినన్ని తలుపులు తడితే కొన్ని తెరుచుకుంటాయి. చాలామంది జవాబే ఇవ్వలేదు. ఒక సంగీత పత్రిక ఎగతాళి చేసింది. సొనాటాను అందుకున్నవాళ్లలో హెన్రీ బెలమన్ అనే సౌత్ కరోలినా రచయిత మాత్రం దాని మీద ఉపన్యాసాలిచ్చాడు. పాటల పుస్తకం ఒక ప్రతి ఆరన్ కోప్లాండ్ చుట్టూ ఉన్న కుర్ర స్వరకర్తల చేతికి చేరింది. 1932లో యాడో అనే చోట జరిగిన సంగీతోత్సవంలో కోప్లాండ్ దాంట్లోంచి ఏడు పాటలు ఎంచి, తనే పియానో దగ్గర కూర్చుని వినిపించాడు. ఐవ్స్ పాటలకు నిజమైన జీవితం మొదలైంది అక్కడ.

అయితే ఈ ఏర్పాటుకు ఐవ్స్ చెల్లించిన మూల్యాన్ని తక్కువ చేసి చూపకూడదు. సంగీతాన్ని అమ్ముకోనక్కర్లేని స్వేచ్ఛ, దాన్ని విననక్కర్లేని స్థితిని కూడా తెచ్చింది. రచన చేసినవాడికి రిహార్సల్‌లో తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. ఈ చోట గొంతు వినపడదు, ఈ మలుపు పొడవెక్కువైంది, ఇక్కడ ఊపిరికి సందు లేదు. ఇరవై ఏళ్ల పాటు ఐవ్స్‌కు ఆ సదుపాయం దాదాపు లేదు. 114 పాటల పుస్తకం చివర్లో, కొన్ని పాటలు పాడటానికి వీలుకానివని ఆయనే ఒప్పుకుంటూ, పాటకు కూడా తన హక్కులుంటాయని వాదించారు. ఆ వాదనలో ధైర్యం ఉంది, ఒంటరితనం కూడా ఉంది. శ్రోత ఎప్పుడూ ఎదురుగా లేని మనిషి మాత్రమే అలా రాస్తాడు. రాత్రీ పగలూ రెండు పూర్తికాలపు పనులు చేసిన శరీరం నలభై నాలుగేళ్లకే మొరాయించింది కూడా. బీమా తన సంగీతానికీ, సంగీతం తన బీమాకూ సాయపడ్డాయని ఆయన బెలమన్‌తో అన్నారు. ఆ మాట నిజమే. రెండూ కలిసి ఆ మనిషిని అరగదీశాయన్నది కూడా అంతే నిజం. ఇంట్లో హార్మనీ, ఆఫీసులో మైరిక్ లేకపోతే ఇదంతా ఇన్నాళ్లు సాగేది కాదు.

1926లో ఒక పాట రాశారు, దాంతో కొత్త రచన ఆగిపోయింది. ఆ రోజుల్లోనే ఒకరోజు మేడ దిగి వచ్చి, ఇక రాయలేకపోతున్నాను, ఏదీ సరిగ్గా వినపడటం లేదని కన్నీళ్లతో చెప్పారని హార్మనీ తర్వాత గుర్తుచేసుకున్నారు. మధుమేహం, గుండె జబ్బు, తర్వాత కంటిచూపు మందగించడం. 1930 మొదట్లో వ్యాపారం నుంచి తప్పుకున్నారు. అంతకుముందు ఏడాది ఐవ్స్ అండ్ మైరిక్ దాదాపు 5 కోట్ల డాలర్ల పాలసీలు అమ్మింది. 1929 అక్టోబర్‌లో షేర్ మార్కెట్ కుప్పకూలాక సామాన్య కుటుంబాలకు ఆ పాలసీల విలువ ఏమిటో తెలిసొచ్చే రోజులవి.

మిగిలిన పాతికేళ్లు ఆయన డబ్బు సంగీతంలోకి వెళ్లింది, ఎక్కువగా ఇతరుల సంగీతంలోకి. స్వరకర్త హెన్రీ కోవెల్ నడిపిన కొత్త సంగీత పత్రికకు ఏళ్ల తరబడి ఖర్చు భరించారు. 1931లో కండక్టర్ నికొలస్ స్లొనిమ్‌స్కీ పారిస్‌లో అమెరికన్ స్వరకర్తల రచనలు వినిపించిన కచేరీల వెనకున్నదీ ఆయన డబ్బే. బీమా ద్వారా పరిచయమైన ఒక కుటుంబంలోని కుర్రాడికి సంగీతం మీద ఆసక్తి ఉందని తెలిసి ప్రోత్సహించారు, హార్వర్డ్‌కు సిఫారసు ఉత్తరం రాశారు. ఆ కుర్రాడు ఎలియట్ కార్టర్, తర్వాత ఆ శతాబ్దపు ముఖ్య స్వరకర్తల్లో ఒకడయ్యాడు. 1939లో పియానిస్టు జాన్ కిర్క్‌పాట్రిక్ న్యూయార్క్‌లో కాంకర్డ్ సొనాటా మొత్తం వాయించాక విమర్శకులు తలలు తిప్పి చూశారు. ఆ సొనాటాను పత్రికలో గట్టిగా విమర్శించినవాళ్లలో కార్టర్ కూడా ఉన్నాడు. 1947లో మూడో సింఫనీకి పులిట్జర్ బహుమతి వచ్చింది, అది రాసి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. బహుమతులు చిన్నపిల్లలకని చెప్పి ఐవ్స్ ఆ సొమ్మును పంచేశారు. 1951లో కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టీన్ రెండో సింఫనీని న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో తొలిసారి వినిపించినప్పుడు హాలుకు వెళ్లలేదు, ప్రసారాన్ని రేడియోలో విన్నారు. 1954 మే 19న చనిపోయారు.

హార్మనీ 1969 దాకా జీవించారు. ఐవ్స్ రచనల మీద వచ్చే రాయల్టీలను ఆమె అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్ట్స్ అండ్ లెటర్స్‌కు రాసిచ్చారు. 1970 నుంచి ఆ సొమ్ముతో ఏటా యువ స్వరకర్తలకు స్కాలర్‌షిప్పులు అందుతున్నాయి. బతికుండగా సంగీతం మీద సంపాదన లేని మనిషి పాటలు ఇప్పుడు, ఇంకా పేరు రాని కుర్ర స్వరకర్తలకు కొంత ఆసరా, కొంత తీరిక ఇస్తున్నాయి.